ఖాళీ కాటా సాక్ష్యం

మా వదిన సైకిలు కొంటానన్న పూట మా అన్నయ్య చేతిలోంచి ఒక స్ప్రింగు జారి బల్ల కిందికి దొర్లిపోయింది. దాన్ని వెతుకుతున్నానన్న నెపంతో అన్నయ్య బల్ల కిందే చాలాసేపు ఉండిపోయాడు. పైకి వస్తే జవాబు చెప్పాలి కదా మరి.

మాది కాటాల రిపేరు కొట్టు. కూరగాయల బండి మీది తక్కెడ దగ్గర్నుంచి గోడౌన్లలో బస్తాలు తూచే ప్లాట్‌ఫారం కాటా దాకా ఏది మొరాయించినా మా దగ్గరికే వస్తుంది. నాన్న పెట్టిన కొట్టు. నాన్న పోయాక అన్నయ్యా నేనూ నడుపుతున్నాం. అన్నయ్య బల్ల దగ్గర కూర్చుని పనిచేస్తాడు. నేను పాత సైకిలు మీద తూకపురాళ్ళ పెట్టె కట్టుకుని బజార్లు తిరుగుతాను. ఇది చిన్నప్పటి నుంచీ మా మధ్య ఉన్న ఒప్పందం, ఎందుకంటే అన్నయ్యకి సైకిలు రాదు. ఊళ్ళో వాళ్ళ తూకాలన్నీ సరిచేసే మనిషికి రెండు చక్రాల మీద తన తూకం మాత్రం కుదరలేదు. ఈ మాట నేను ఏడాదికి నాలుగైదుసార్లు గుర్తుచేస్తుంటాను. చెల్లెళ్ళు ఉన్నదే అందుకు.

మా ఇంట్లో ఎవరైనా ఏదైనా బరువుగా ఉందంటే అయ్యో అని ఎవరూ అనరు, ఎంత అని అడుగుతారు. సూట్‌కేసు సర్దితే తూచాలి, పుచ్చకాయ కొంటే తూచాలి, చుట్టాలు పసిపిల్లల్ని తెస్తే ముద్దు పెట్టుకోవడానికి ముందు తూచాలి. వదిన మాత్రం వేరే జాతి. ఆవిడ స్కూల్లో డ్రాయింగు టీచరు. దేన్నయినా ఒక కన్ను మూసి చూసి, ఇంతుంటుంది అని తేల్చేస్తుంది. మేం వెనకాలే తూచి చూసుకుని, ఆవిడ చెప్పింది ఇంచుమించు సరిపోతే లోలోపల ఉడుక్కుంటాం.

కిందటేడు వదినకి కడుపులో పెద్ద ఆపరేషనైంది. ఆస్పత్రి గది కిటికీలోంచి చూస్తే ఊరి అవతల కొండలు కనిపించేవి. ఆ కొండల మీదుగా ఒక పాత రాళ్ళబాట ఉంది, క్వారీలు నడిచే రోజుల్లో వేసింది. దాన్ని పట్టుకుని పోతే కొండలెక్కి, పైన ఉన్న బీడు భూములన్నీ దాటి, రోజుల తరబడి తొక్కితే అవతల సముద్రం వస్తుంది. తను లేచాక ఆ దారిన సైకిలు మీద సముద్రం దాకా వెళ్తానని వదిన మంచం మీద నుంచే ప్రకటించింది. అందరం ఓ, తప్పకుండా అన్నాం. మంచం మీదున్న మనిషి చందమామని అడిగినా ఇస్తామంటాం. లేచాక గుర్తుపెట్టుకుంటుందని ఎవరనుకున్నారు?

గుర్తుపెట్టుకుంది. పెద్ద డాక్టరమ్మ చివరిసారి పరీక్ష చేసి, ఇక నువ్వు మామూలు మనిషివే, ఏ పనైనా చేసుకోవచ్చు అని చెప్పిన మర్నాడే కొట్టుకొచ్చి సైకిలు మాట ఎత్తింది. నన్ను తోడు రమ్మంది. నేను ఎగిరి గంతేశాను. అన్నయ్య బల్ల కింద దూరాడు.

"సముద్రానికి బస్సు వెళ్తుంది కదా. దూరపు కొండలు నునుపు అంటారు. దగ్గరికి వెళ్తే తెలుస్తుంది," అన్నాడు కింద నుంచే.

"నునుపు కాదని తెలుసు కాబట్టే మంచి సైకిలు కావాలంటున్నాను," అంది వదిన.

అన్నయ్య స్ప్రింగు దొరికిందని చెప్పి పైకి వచ్చాడు.

సైకిళ్ళ కొట్టాయన్ని ఊరంతా కానీగారు అంటారు. అసలు పేరేమిటో నాకూ తెలియదు. ఏ వస్తువు గురించి అడిగినా మొదట మెచ్చుకుంటాడు, తర్వాత "కానీ" అంటాడు, ఆ తర్వాత కొనాలన్న ఉత్సాహం మనకి ఉండదు. అమ్ముకునేవాడికి ఉండకూడని గుణం అది. అయినా ఆ కొట్టు నడుస్తోందంటే ఆయన కానీల్లో నిజం ఉండబట్టే అయి ఉండాలి.

రాళ్ళదారిన దూరప్రయాణమనగానే ఆయన మూడు సైకిళ్ళు ముందుకు తోశాడు. ఒకటి ముందూ వెనకా స్ప్రింగులున్న కొండసైకిలు. ఎక్కితే సోఫాలో కూర్చున్నట్టుంది. కానీ, అన్నాడాయన, ఎత్తు ఎక్కేటప్పుడు మన బలంలో కొంత ఆ స్ప్రింగులే తినేస్తాయి, వెనక స్ప్రింగు ఉన్నచోట క్యారియర్ సరిగ్గా కూర్చోదు. రెండోది నల్లటిది, కార్బన్ ఫ్రేముది. టైర్లు మరీ సన్నమూ కాదు, మరీ లావూ కాదు. తారురోడ్డు మీదా మట్టిరోడ్డు మీదా పరిగెడుతుంది. కానీ, అని మళ్ళీ మొదలుపెట్టాడు. మూడోది ఆకుపచ్చ రంగు స్టీలు సైకిలు. దూరప్రయాణం కోసమే చేసింది. లావు టైర్లు, పొడుగాటి ఒళ్ళు, కొండకి కూడా సరిపోయేంత తేలిక గేర్లు, సంచులూ క్యారియర్లూ బిగించుకోవడానికి ఎక్కడ చూసినా మరచుట్ల రంధ్రాలు. దారిలో ఫ్రేము విరిగినా ఏ వెల్డింగు షాపులోనైనా అతికిస్తారు. కానీ దీన్ని కొట్లో తొక్కి చూసినవాళ్ళెవరూ కొనలేదని ఆయనే ఒప్పుకున్నాడు.

కొండసైకిలు విషయం అన్నయ్య ఒక్క మాటతో తేల్చేశాడు. స్ప్రింగనేది ఎప్పటికైనా అలిసిపోతుంది, దాన్ని నమ్మి కొండలెక్కకూడదన్నాడు. జీవితమంతా స్ప్రింగులతో కాపురం చేసిన మనిషి మాట, ఎవరు కాదంటారు? మిగిలినవి రెండు. అప్పుడు నేను సంచిలోంచి మా కొక్కెం కాటా బయటికి తీశాను.

కానీగారి మొహం చూసి తీరాలి. రిపేరుకొచ్చిన సైకిళ్ళు వేలాడదీసే దూలానికి కాటా తగిలించి, దానికి నల్లదాన్ని తగిలించి చూశాను. తర్వాత ఆకుపచ్చదాన్ని. రెండోదాన్ని ఎత్తడానికే అన్నయ్యా నేనూ చెరో చెయ్యీ వేయాల్సి వచ్చింది. నల్లది దానిలో సగం కంటే కాస్త ఎక్కువుంది, అంతే. అన్నయ్య నావైపు చూశాడు, నేను అన్నయ్య వైపు చూశాను. మా మట్టుకు మాకు ఎంపిక అక్కడే అయిపోయింది. ఆపరేషనైన మనిషికి తేలికైనది కావాలి. దీనికి మళ్ళీ తర్కం ఎందుకు?

వదిన మాత్రం రెండూ తొక్కి చూడాలంది. మొండివాడు రాజుకంటే బలవంతుడన్నారు కానీ, రాజు కంటే మొండిదైన డ్రాయింగు టీచర్ని వాళ్ళు చూసి ఉండరు. కానీగారు రెండూ తీసుకెళ్ళి చూసుకోమన్నాడు. క్వారీబాట మొదలయ్యే చోటికి వెళ్ళాం. నల్లదాని మీద వదిన గాల్లో తేలినట్టు వెళ్ళింది. రాళ్ళ మీద కాస్త అదిరినా నవ్వుతూనే తిరిగొచ్చింది. ఆకుపచ్చదాని మీద ఎక్కితే అది రాయి రాయికీ ఎగిరెగిరి పడింది. ఎక్కడికి తిప్పినా నిదానంగా ఆలోచించి తిరిగింది. దిగి నడుము పట్టుకుని, ఇది సైకిలు కాదు, ఎద్దు అంది వదిన. సరే, ముగ్గురం ఏకాభిప్రాయానికి వచ్చినట్టే. మా ఇంట్లో ఏకాభిప్రాయం అంటే ఏదో తప్పు జరిగిందని అర్థం. ఆ సంగతి మాకు ఎప్పుడూ తర్వాతే గుర్తొస్తుంది.

నల్లదే మర్నాడు తీసుకుంటామని కానీగారికి చెప్పి, ఆ సాయంత్రం మా కొట్లో సామాన్లు సర్దడం మొదలుపెట్టాం. డేరా, దుప్పట్లు, స్టవ్వు, గిన్నెలు, బట్టలు, పంక్చరు సామాను, నీళ్ళ డబ్బాలు, వదిన రంగుల పెట్టె. ప్రతిదీ అన్నయ్య కాటా మీద పెట్టి చూసి నా చేతికిచ్చాడు. నేను నా పాత సైకిలుకి కట్టుకుంటూ పోయాను. తూకపురాళ్ళు మోసి మోసి బండబారిన సైకిలు అది, ఎంతైనా మోస్తుందని నా ధీమా. వెనక రెండు వైపులా సంచులు, వాటి మీద డేరా, ముందు ఇంకో రెండు సంచులు, హ్యాండిలుకి గిన్నెల మూట. చివరికి సైకిలెక్కడుందో సామానెక్కడుందో తెలియకుండా పోయింది.

"మరి నా సైకిలు మీద?" అంది వదిన.

"నీళ్ళ సీసా పెట్టుకో. చిన్నదే," అన్నాడు అన్నయ్య.

సరిగ్గా అప్పుడే నా సైకిలు స్టాండు మీద నుంచి ఒరిగింది. తొందరేమీ లేకుండా, పెద్దమనిషి మంచం మీదికి వాలినట్టు వాలింది. వాలుతూ వాలుతూ రిపేరుకొచ్చిన మూడు తక్కెడల్ని కూడా వెంటబెట్టుకుపోయింది. ఇత్తడి పళ్ళేల మోత ఆగాక చూస్తే వదిన నవ్వడం లేదు. నేను నవ్వబోయి ఆగిపోయాను.

నిజం చెప్పొద్దూ, వదిన కోపం నేను చాలా అరుదుగా చూశాను. ఆవిడ పెద్దగా అరవదు. కుర్చీ జరుపుకుని నిటారుగా కూర్చుని, స్కూల్లో పిల్లల్ని అడిగినట్టు అడుగుతుంది.

"ఏవండీ, రిపేరు చేసిన కాటా సరిగ్గా ఉందో లేదో ఎలా చూస్తారు?"

"రాళ్ళు పెట్టి చూస్తాం," అన్నాడు అన్నయ్య, ఏం ముంచుకొస్తోందో తెలియక.

"ఎందుకు? ఖాళీగా ఉన్నప్పుడు ముల్లు సున్నా మీదే ఉంది కదా. చాలదా?"

మా నాన్న రోజూ అనే మాట ఒకటుంది. ఖాళీ కాటా సాక్ష్యం చెల్లదు. దొంగ కాటా అయినా ఖాళీగా ఉంటే సున్నాయే చూపిస్తుంది, పైన బరువు పడ్డాకే దాని బతుకు బయటపడుతుంది అనేవాడు. అన్నయ్య ఆ మాటే గొణిగాడు, సగంలో ఆపేశాడు. అప్పటికి నాకూ వెలిగింది.  మొయ్యాల్సిన సైకిళ్ళని మొయ్యకుండా తొక్కించి చూశాం. కొక్కేనికి వేలాడదీసి ఖాళీ బరువు చూసి మురిసిపోయాం. ఇంకెవరైనా చేస్తే పోనీలే తెలియదు అనుకోవచ్చు, మా ఇంటా వంటా ఉన్న పనే ఇది.

"సైకిళ్ళనే కాదు," అంది వదిన. "ఏడాదిగా నన్నూ ఖాళీగానే నిలబెట్టి చూస్తున్నారు. బిందె ఎత్తనివ్వరు, సంచి పట్టనివ్వరు, కుర్చీ జరపబోతే పరిగెత్తుకొస్తారు. మూణ్ణెల్లు బరువు ఎత్తొద్దంది డాక్టరమ్మ. ఆ మూణ్ణెల్లు ఎప్పుడో అయిపోయాయి. మీరు మాత్రం ఆ రూలు తియ్యలేదు. నేను ఎంత మోయగలనో నాకే తెలియకుండా పోయిందండీ. నా సంచులు నేను మోసుకోకపోతే నేను రాను. బస్సులోనే వెళ్తాను, చుట్టం చూపుగా."

 నాకు చాలా సిగ్గేసింది. ప్రేమగా చూసుకుంటున్నామని మేం గొప్పలు పోతుంటే, ఆ మనిషి ఒక మూల కూర్చుని తన మీద తనకే నమ్మకం పోగొట్టుకుంటోందన్నమాట.

మర్నాడు ఉదయాన్నే కొట్లో ఉన్న రాళ్ళ పెట్టెలు రెండూ తీసుకుని కానీగారి కొట్టుకి వెళ్ళాం. సంచుల బదులు తూకపురాళ్ళతోనే పరీక్ష చేద్దామని వదినే అంది. ఎంత బరువు పెట్టామో లెక్క తెలుస్తుందని మా భాషలోనే మాకు చెప్పింది. సామాన్లో వదిన వాటాకి వచ్చే సగం ఎంత బరువుంటుందో అన్ని రాళ్ళు. అన్నయ్య అందులోంచి ఒక రాయి చాటుగా తీసి జేబులో వేసుకోబోయాడు. జేబు చిరిగేంత పనైంది, పట్టుబడ్డాడు.

నల్లదానికి క్యారియర్ బిగించడానికి రంధ్రాలు లేవు. సీటు కింది గొట్టానికి కానీగారు ఎలాగో ఒక క్యారియర్ బిగించాడు. నిన్న మేం వినకుండా వదిలేసిన కానీ ఇదేనట. వదిన కంటే ముందు నేను ఎక్కుతానన్నాను. పడితే నేను పడతాను, నా ఎముకలు అలవాటుపడినవి. తారు మీద బాగానే ఉంది. రాళ్ళబాట మొదలవగానే నేను కుడికి తిప్పితే సైకిలు తోక ఎడమకి పోయింది, ఎడమకి తిప్పితే కుడికి. ముందు భాగం నా మాట వింటోంది, వెనక భాగం రాళ్ళ మాట వింటోంది. పది గజాలు వెళ్ళానో లేదో క్యారియర్ జారి టైరు మీద కూలబడింది, నేను పక్కకి పడ్డాను, పెట్టెల మూతలు తెరుచుకున్నాయి, రాళ్ళన్నీ పల్లంలోకి దారి పట్టాయి.

అవి మామూలు రాళ్ళు కావు, ముద్ర వేసిన రాళ్ళు. పెచ్చు ఊడిందంటే మళ్ళీ తూనికల కొలతల ఆఫీసుకి తీసుకెళ్ళి ముద్ర వేయించుకోవాలి. ఆ భయంతో అన్నయ్య వాటి వెనక పడ్డాడు. ఆయన అంత వేగంగా పరిగెత్తడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. పల్లంలో రాళ్ళు కొట్టుకునే మనిషొకడు చెట్టునీడన కూర్చుని ఉన్నాడు. ఇనపరాయి ఒకటి దొర్లుకుంటూ వచ్చి ఆయన కాళ్ళ దగ్గర ఆగింది. ఆయన దాన్ని తిప్పి చూసి, ఈ కొండలో ఇలాంటివి కూడా ఉన్నాయా అని అడిగాడు. వదిన అప్పుడు నవ్వింది. నడుము పట్టుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. ఆ నవ్వు వింటే నా మోచెయ్యి దోక్కుపోయిన సంగతి కూడా మర్చిపోయాను.

తర్వాత ఆకుపచ్చది. దాని క్యారియర్ ఫ్రేముకే మరలతో బిగిసి ఉంది. పెట్టెలు రెండు వైపులా కిందికి వేలాడేలా కట్టాం. వెనక చక్రం కాస్త దూరంగా ఉండటంతో మడమలు పెట్టెలకి తగలవు. టైర్లలో గాలి కొంచెం తగ్గించమని కానీగారు చెప్పి పంపాడు, తగ్గించాం. ఈసారి నేను ఎక్కబోతే వదిన నా చేతిమీద ఒక్కటి వేసింది.

"నీ పరీక్ష అయిపోయింది, ఆడపడుచుగారూ. ఇది నాది."

ఎక్కింది. మొదట రెండు చక్రాలూ అటూ ఇటూ ఊగాయి. అన్నయ్య రెండు చేతులూ చాచి, పసిపిల్లకి నడక నేర్పుతున్నట్టు వెనకాలే పరిగెత్తాడు. సైకిలు రాని మనిషి సైకిలు తొక్కేవాళ్ళని ఎలా పట్టుకుంటాడో ఆయనకే తెలియాలి. వదిన గేరు మార్చింది. అంతే, ఆ ఎద్దు దారిలో పడింది. నిన్న రాయి రాయికీ ఎగిరిన సైకిలు ఇవాళ రాళ్ళ మీద కూర్చుని, వాటిని ఒత్తుకుంటూ, చప్పుడు చేయకుండా పోయింది. బరువు పడ్డాక దానికి బుద్ధి వచ్చింది. వదిన వెనక్కి చూడలేదు. మెల్లగా, ఆగకుండా ఎత్తు ఎక్కి, మలుపు దగ్గర చిన్నదై, మలుపు తిరిగి కనపడకుండా పోయింది.

అన్నయ్య రొప్పుతూ వచ్చి నా పక్కనే ఒక బండ మీద కూలబడ్డాడు. మలుపు వైపే చూస్తున్నాడు. వస్తుందిలే అన్నాను. ఆయన తలూపాడు. కాసేపటికి మళ్ళీ అదే మాట అన్నాను, ఈసారి నాకోసం.

"మంచినీళ్ళ గ్లాసు ఎత్తితే చెయ్యి వణికేదే తనకి," అన్నాడు. "అది నా కళ్ళలోంచి పోవడం లేదు. డాక్టరమ్మ బాగుందంటే బాగుందనే అనుకుంటాను. ఇంటికొచ్చాక తను ఏదైనా ఎత్తబోతే మళ్ళీ ఆ గ్లాసే కనిపిస్తుంది. నాకు భయమే చెల్లాయ్."

నా దగ్గర ఎప్పుడూ ఏదో ఒక వేళాకోళం సిద్ధంగా ఉంటుంది. ఆ పూట దాన్ని పక్కన పెట్టాను. నాకూ భయమే అన్నయ్యా అన్నాను, నిజంగా భయమే కాబట్టి. ఇద్దరం ఆ బండ మీద మలుపుని కాపలా కాస్తూ కూర్చున్నాం. రాళ్ళు కొట్టుకునే ఆయన కూడా పని ఆపి అటే చూస్తున్నాడు, ఏమిటో అర్థం కాకపోయినా.

ముందు సైకిలు గంట వినిపించింది. తర్వాత వదిన కనిపించింది. దిగుడులో బ్రేకులు నొక్కుతూ, వదులుతూ, మళ్ళీ నొక్కుతూ దర్జాగా వస్తోంది. మొహం ఎర్రగా కందిపోయింది, జుట్టంతా రేగిపోయింది. క్యారియర్ మీద మా పెట్టెలతో పాటు ఇంకేదో కట్టి ఉంది. దగ్గరికొచ్చాక చూస్తే గులాబిరంగు చారలున్న కొండరాయి, బుడ్డ గుమ్మడికాయంత ఉంది.

"పైనుంచి సముద్రం కనబడుతుందేమో అనుకున్నాను, కనబడలేదు. ఇంకా చాలా కొండలున్నాయి," అంది దిగుతూ, అదేదో శుభవార్త అయినట్టు. "మీ రాళ్ళు చాల్లేదు. నేనొకటి ఏరుకొచ్చుకున్నాను. నిండుకుండ తొణకదండీ, చూశారుగా."

కాళ్ళు నొప్పులా అని అడిగాం. నొప్పులే అంది. ఆయాసమా అంటే ఆయాసమే అంది. కడుపులో ఏమైనా అని అన్నయ్య సగం అడిగి ఆగాడు. ఆకలేస్తోంది అంది వదిన.

సైకిలు తిరిగి తీసుకెళ్ళి, ఇదే తీసుకుంటామని కానీగారికి చెప్పాం. మంచి సైకిలు అన్నాడాయన. తర్వాతి మాట కోసం ముగ్గురం కాచుకున్నాం. ఆయన గుడ్డతో హ్యాండిలు తుడిచాడు, గంట ఒకసారి మోగించి చూశాడు, సైకిలు మా చేతికిచ్చాడు. అంతే, ఇంకేమీ అనలేదు. ఆ కొట్లో అలా జరగడం అదే మొదటిసారి అనుకుంటాను. ఇంటికి వెళ్తూ అన్నయ్య రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు, ఆయన పిలుస్తాడేమోనని.

సామాన్లు మళ్ళీ సర్దాం. ఈసారి రెండు సైకిళ్ళకీ పంచాం. డేరా నాకు, స్టవ్వూ గిన్నెలూ వదినకి, దుప్పట్లు ఎవరివి వాళ్ళకి. రంగుల పెట్టె గురించి పేచీ వచ్చింది. అది నేను తీసుకుంటానన్నాను. వదిన ఇవ్వలేదు. కొండరాయిని కూడా తీసుకెళ్దామా అని అడిగితే మాత్రం ఆలోచనలో పడింది. చివరికి దాన్ని అన్నయ్య బల్ల మీద పెట్టింది, కాగితాలు ఎగరకుండా. అన్నయ్య దాన్ని తూచాడు. తూచకుండా ఎలా ఉంటాడు?

బయల్దేరే ముందు రోజు కొట్లో ఒక గోడౌను కాటా మీద పని జరుగుతోంది. ప్లాట్‌ఫారం విప్పి, కింద లివర్లు సర్ది, మళ్ళీ బిగించి, అన్నయ్య దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని ముల్లు చూస్తున్నాడు. వదిన తన కుర్చీలో కూర్చుని సంచి పట్టీ ఒకటి కుడుతోంది. ఆవిడ జబ్బుపడ్డప్పటి నుంచీ ఆ కుర్చీ ఆవిడదే. ఆవిడ కొట్టుకి వస్తే చాలు, అన్నయ్య అన్నీ వదిలేసి కుర్చీ తుడిచి, ఫ్యాను తిప్పి, నీళ్ళు పెట్టేవాడు. ఏడాదిగా ఇదే తంతు. ఆ రోజూ అలాగే తుడిచాడు.

రాళ్ళు పెట్టే సమయం వచ్చింది. అన్నయ్య ముల్లు మీది చూపు తిప్పకుండా వెనక్కి చెయ్యి చాచాడు.

"ఆ పది కిలోల రాయి ఇలా అందించు."

అలవాటుకొద్దీ నేను లేచాను.

"నిన్ను కాదు," అన్నాడు. "మీ వదినని."

వదిన చేతిలో సూది ఆగిపోయింది. కుట్టు పక్కన పెట్టి లేచింది. బల్ల దగ్గరికి వెళ్ళి, రాయి పిడి పట్టుకుని, ఒకసారి బరువు చూసుకుని ఎత్తింది. ఆ నాలుగడుగులూ నింపాదిగా నడిచి, అన్నయ్య చేతికివ్వకుండా, వంగి తనే ప్లాట్‌ఫారం మధ్యలో పెట్టింది. ముల్లు కదిలి, కాస్త అటూ ఇటూ ఊగి, నిలబడాల్సిన చోట నిలబడింది.

"సరిగ్గా ఉంది," అన్నాడు అన్నయ్య. ముల్లు నిలబడినంత స్థిరంగా ఆయన గొంతు నిలబడలేదు. ఇంకా కాటా వైపే చూస్తున్నాడు.

వదిన ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"ఇంకోటి తేనా, లేకపోతే మీరు ఏడవడం అయ్యేదాకా ఆగనా?"

అన్నయ్య మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. "ఇంకోటి తే," అన్నాడు.

ఆ కాటా పూర్తి బరువు తూగేదాకా రాళ్ళన్నీ వదినే అందించింది. నేను వెళ్ళి ఆవిడ కుర్చీలో కూర్చుని చూశాను. ఫ్యాను గాలి అక్కడికి బాగా వస్తుంది. నీళ్ళు కావాలా అని మాత్రం నన్నెవరూ అడగలేదు.